ఒడిశా బోర్డర్‌లో ఉంటున్న మన పెద్దవాళ్ల కోసం: పింఛను, ఆసుపత్రి, ఆస్తి, ఒంటరితనం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం ఈ వైపుండే తెలుగు ఇళ్లల్లో 60 దాటినవాళ్లు, వాళ్ల పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. ఫారాలు నింపడం, ఆసుపత్రికి తోడెళ్లడం, ఒడియా చదవడం రాని పెద్దవాళ్ల తరఫున ఆఫీసులో మాట్లాడి పెట్టడం, ఇదే చాలా రోజులుగా చేస్తున్న పని. డబ్బుల లెక్కలు ప్రభుత్వాలు మారుస్తుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు ఒకసారి పంచాయతీలోనో బ్యాంకులోనో అడిగి సరిచూసుకోండి.

మాకు ఆంధ్రావైపు పాతపట్నంలో కూడా ఇల్లుంది. అక్కడ పింఛను 4000, ఇక్కడ 1000. రెండూ తీసుకోవచ్చా? లేకపోతే ఏది తీసుకోవాలి?

రెండూ కుదరదు. ఆధార్ ఒక్కటే, అందులో అడ్రస్ ఒక్కటే, ఎక్కడో ఒక చోట దొరుకుతుంది, దొరికితే తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు, అప్పుడు ఆ వయసులో ఎక్కడ తెచ్చి కడతారు చెప్పండి. ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 3000 నుంచి 4000 అయింది, నెల మొదట్లోనే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. ఒడిశాలో మధుబాబు పింఛను 60 నుంచి 79 వరకు 1000. ఇక్కడ చాలామందికి తెలియనిది ఏంటంటే 80 దాటినవాళ్లకి 2025 జనవరి నుంచి 3500 చేశారు, 80 శాతం పైన వికలాంగత్వం ఉన్నవాళ్లకీ అంతే. కాబట్టి ఇంట్లో 80 దాటిన నాన్నమ్మో తాతయ్యో ఉంటే తేడా 500 మాత్రమే.

ఏది తీసుకోవాలి అంటే నా మాట ఇది: మీరు నిజంగా ఎక్కడ ఉంటున్నారో అక్కడిదే. 3000 ఎక్కువ వస్తుందని ఆధార్ అడ్రస్ మార్పించేసి పాతపట్నం వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, మంచిదే, కానీ వాళ్లు నిజంగా మారారు, అక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇల్లు, పొలం, రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు అన్నీ ఇటువైపు పెట్టుకుని పింఛను ఒక్కదాని కోసం అడ్రస్ అటు మారిస్తే రేపు ఆసుపత్రిలో చేరినప్పుడు కార్డు దగ్గర చిక్కు వచ్చి ఇబ్బంది పడొచ్చు. నెలకి 3000 కోసం ఆరోగ్య కార్డు మీద వచ్చే 5 లక్షల వైద్యాన్ని చిక్కులో పెట్టుకోవడం అవుతుంది అది.

కొఠియా వైపు వాళ్ల సంగతి వేరు. ఆ ఊళ్లు ఆంధ్రావా ఒడిశావా అన్న గొడవ 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఇప్పటికీ రెండు రాష్ట్రాల అధికారులూ వస్తారు, రెండు కార్డులూ ఇస్తారు. అక్కడి ముసలివాళ్లని తప్పు పట్టే పని నేను చెయ్యను.

ఒడిశా పింఛనుకి ఎక్కడ అప్లై చెయ్యాలి? నాకు ఒడియా చదవడం రాదు.

పల్లెలో అయితే పంచాయతీ ఆఫీసులో పీఈఓ (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) దగ్గర, టౌన్లో అయితే మున్సిపాలిటీ ఆఫీసులో. ఆన్‌లైన్లో కూడా ఉంది, మో సేవా కేంద్రంలో చేస్తారు. 60 నిండాలి, ఒడిశాలో స్థిరంగా ఉండాలి, వేరే ప్రభుత్వ పింఛను రాకూడదు, ఆదాయం పరిమితి లోపల ఉండాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోటో, ఆదాయం సర్టిఫికెట్టు పట్టుకెళ్లండి, ఆ సర్టిఫికెట్టు తహసీల్ నుంచి వస్తుంది, దానికి ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఎంక్వయిరీ ఉంటుంది కాబట్టి ముందు అది మొదలెట్టండి. వితంతువులకి 60 నిండక్కర్లేదు, అదే మధుబాబు పథకంలో వాళ్లకి వేరేగా ఉంది, ఇది తెలియక 60 వచ్చేదాకా ఆగినవాళ్లని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

భాష గురించి సిగ్గుపడకండి అమ్మా. ఈ జిల్లాల్లో ఆఫీసుల్లో పనిచేసే చాలామందికి తెలుగు వచ్చు, మాట్లాడితే మాట్లాడతారు. ఫారం మాత్రం ఒడియాలో ఉంటుంది, సంతకం పెట్టేముందు ఎవరిచేతనైనా పైకి చదివించుకోండి. చదివినవాళ్లు ఇంట్లో పిల్లలైనా పర్లేదు, మన మనవలు ఒడియా మీడియమేగా. సంతకం అయ్యాక రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు, నంబరున్న రసీదు, ఫోన్లో ఫోటో తీసుకుని పెట్టుకోండి, మూడు నెలల తర్వాత "మీ ఫారమే రాలేదు" అంటే చూపించడానికి అదొక్కటే ఆధారం.

15వ తారీఖు పింఛను కోసం వెళ్లా, వేలిముద్ర పడలేదని వెనక్కి పంపారు.

వ్యవసాయం చేసిన చేతులు, మగ్గం నేసిన చేతులు, బీడీలు చుట్టిన చేతులు, వేలిముద్రలు అరిగిపోవడం మామూలే, మీ తప్పు కాదు. కంటి స్కానింగుతో చెయ్యమని అడగండి, ముఖం చూపించి చేసే పద్ధతి కూడా వచ్చింది. రేషన్ దగ్గర కూడా అంతే, ఓటీపీతో ఇవ్వొచ్చు, దానికి ఆధార్‌కి ఫోన్ నంబర్ కలిపి ఉండాలి, ఆ ఫోను మీ దగ్గర ఉండాలి, సూరత్‌లో ఉన్న కొడుకు నంబరు పెట్టేస్తే ప్రతి నెలా ఓటీపీ కోసం వాడికి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది, వాడు షిఫ్టులో ఉంటే ఎత్తడు. ఆధార్ సెంటర్‌కి వెళ్లి ఒకసారి వేలిముద్రలు, కళ్లు కొత్తగా అప్‌డేట్ చేయించుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మంచం మీద ఉన్నవాళ్లయితే ఇంటికొచ్చి ఇవ్వమని పీఈఓకి కాగితం రాసివ్వండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు.

సుభద్ర డబ్బులు 60 దాటాక ఆగిపోతాయా?

ఆగిపోతాయి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ఆ డబ్బు 21 నుంచి 60 లోపు ఆడవాళ్లకే, ఏడాదికి 10,000. కాబట్టి 60 దగ్గర పడుతుంటే ఆదాయం సర్టిఫికెట్టు ముందే చేయించి పెట్టుకోండి, 60 నిండగానే మధుబాబు పింఛనుకి అప్లై చేసేయండి. మధ్యలో ఖాళీ నెలలు పోకుండా ఉంటాయి.

ఆధార్లో నా వయసు పదేళ్లు తక్కువ పడింది. ఏం చెయ్యాలి?

ఇది చాలా ఇళ్లల్లో ఉంది, కార్డులు తీసినప్పుడు ఎవరికి తోచిన సంవత్సరం వాళ్లు వేసేశారు. పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం ఇస్తారు, అందుకని గట్టి కాగితం చేతిలో ఉన్నాకే వెళ్లండి, స్కూల్ సర్టిఫికెట్టో పాస్‌పోర్టో పుట్టిన సర్టిఫికెట్టో. తొందరపడి తప్పు కాగితంతో ఆ ఒక్క అవకాశం పోగొట్టుకోవద్దు.

70 దాటినవాళ్లకి కేంద్రం కార్డు అంటున్నారు. అది మాకు వైజాగ్‌లో పనిచేస్తుందా?

ఆయుష్మాన్ వయ వందన కార్డు అది. 2024 అక్టోబర్ 29న మొదలెట్టారు, 70 నిండిన ఎవరికైనా, డబ్బున్నవాళ్లకి లేనివాళ్లకి తేడా లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం ఉచితం. ఒడిశా అప్పటికి ఆయుష్మాన్‌లో లేదు, 2025 ఏప్రిల్‌లో ఒడిశా సొంత ఆరోగ్య పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇక్కడా మొదలైంది. దాంతో మనకి జరిగిన అసలు మేలు ఏంటంటే ఈ కార్డు దేశమంతా, లిస్టులో ఉన్న ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. బరంపురం వైపు తప్ప మిగతా మన వాళ్లకి గుండె, కిడ్నీ, తుంటి ఆపరేషన్ అనగానే భువనేశ్వర్ కటక్ కన్నా విశాఖపట్నమే దగ్గర, భాష కూడా అక్కడే కుదురుతుంది.

కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆసుపత్రి లిస్టులో ఉంటే చాలదు, మీ జబ్బుకి సంబంధించిన విభాగం కూడా లిస్టులో ఉండాలి, 14555 కి ఫోన్ చేసి అడిగి వెళ్లండి, అక్కడికెళ్లాక ముందు కార్డు పని చూసే ఆరోగ్య మిత్ర టేబుల్ దగ్గరకి వెళ్లండి, డబ్బు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే ఆ డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. రెండోది, ఊరికే చూపించుకుని మందులు రాయించుకోవడానికి ఈ కార్డు పనికిరాదు. దానికి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ కింద మందులు ఉచితంగా ఇస్తారు, బీపీ షుగర్ మాత్రలు నెల నెలా అక్కడే తీసుకోండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కోరాపుట్ వైపు వాళ్లకి సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, గంజాం గజపతి వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నాయి, మొదట అక్కడ చూపించుకుని ఆ కాగితాలతో వైజాగ్ వెళితే పని తొందరగా అవుతుంది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి, అదీ గుర్తుంచుకోండి.

మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నా, పర్వాలేదా?

పర్వాలేదు కాదు బాబూ, దయచేసి ఆపండి. డైక్లోఫినాక్, ఏసిక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు పెద్ద వయసులో నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయి, కడుపులో పుండు పడుతుంది, బీపీ మాత్రలతో పాటు వేసుకుంటే ఇంకా ప్రమాదం. పక్కనే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో మనకి చెప్పక్కర్లేదు, చుట్టాలు లేని ఇల్లు లేదు అటు. అక్కడ కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, తేలినా తేలకపోయినా మన కిడ్నీలని మనం చేతులారా పాడుచేసుకోకూడదు కదా. నొప్పి ఎక్కువ ఉంటే పారాసెటమాల్ మేలు, అది కూడా ఎంత వేసుకోవాలో డాక్టర్నడిగి. ఏడాదికి ఒకసారైనా కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. తొడ కండరాలకి చిన్న ఎక్సర్‌సైజులు, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా ఎత్తి పట్టుకోవడం లాంటివి, రోజూ చేస్తే మోకాలికి మాత్ర కన్నా ఎక్కువ పని చేస్తాయి, నమ్మకంగా చెప్తున్నా.

అమ్మ ఈ మధ్య రెండుసార్లు పడిపోయింది. వయసు కదా అని ఊరుకున్నాం.

ఊరుకోవద్దు. రెండుసార్లు పడిందంటే మూడోసారి తుంటి విరిగేలా పడొచ్చు. ముందు ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్‌కి చూపించండి, బీపీ మాత్ర డోసు ఎక్కువై లేవగానే కళ్లు తిరగడం, నిద్ర మాత్ర మత్తు, షుగర్ పడిపోవడం ఇవే ఎక్కువగా ఉంటాయి. షుగర్ మాత్ర వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉండే ఆడవాళ్లు ఎంతమందో! చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వండి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108 కి ఫోన్ చెయ్యండి. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగాలి, దేవుడు కాదనడు.

తర్వాత కంటి చూపు చూపించండి, శుక్లం ఉంటే తీయించండి. రాత్రి బాత్రూంకి వెళ్లే దారిలో లైటు పెట్టండి, పెరట్లో దొడ్డి దూరంగా ఉంటే రాత్రికి గదిలోనే ఏర్పాటు చెయ్యండి, తడి గచ్చు, జారే గోనెపట్టాలు తీసేయండి. ఒకవేళ పడి లేవలేకపోతుంటే, కాలు పొట్టిగా బయటికి తిరిగినట్టు కనిపిస్తే నాటు కట్టు కట్టించొద్దు. తుంటి విరిగితే కట్టుతో అతకదు, రెండు రోజుల్లో ఆపరేషన్ అయితే లేచి నడుస్తారు, లేకపోతే మంచం పట్టి పుళ్లు పడి న్యుమోనియా వచ్చి పోతారు, నేను చూసిన ఇళ్లల్లో ఎక్కువగా జరిగింది ఇదే.

మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, పసరు మందుకి తీసుకెళ్లమంటున్నారు.

వద్దు. అది పక్షవాతం. మొదటి నాలుగున్నర గంటల్లో సీటీ స్కాన్ తీసి ఇంజెక్షన్ ఇవ్వగలిగే ఆసుపత్రికి చేరాలి, ఎంత తొందరగా వెళితే అంత మంచిది. మీ ఊరికి దగ్గర్లో సీటీ స్కాన్ ఎక్కడుందో ఇవాళే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి.

నాన్నగారు ముప్పై ఏళ్లు ఒడియాలో ఉద్యోగం చేశారు. ఇప్పుడు ఒడియా మాట్లాడితే అర్థం కానట్టు చూస్తున్నారు, తెలుగే మాట్లాడుతున్నారు, అదీ చిన్నప్పటి విషయాలే. పొగరు అనుకుంటున్నారు ఇరుగుపొరుగు.

పొగరు కాదు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన బోర్డర్ ఇళ్లల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది, ఎవరూ పేరు పెట్టి మాట్లాడరు. మతిమరుపు జబ్బు, డిమెన్షియా అంటారు, అది వచ్చినవాళ్లకి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి తల్లి భాష చివరిదాకా మిగలడం చాలామందిలో జరుగుతుంది. కొత్త విషయాలు నిలవవు, పాతవి నిలుస్తాయి. ఇంట్లో ఒడియా కోడలు ఉంటే, మనవలకి తెలుగు సరిగ్గా రాకపోతే, ఆ పెద్దాయన సొంత ఇంట్లోనే ఎవరితోనూ మాట్లాడలేని మనిషి అయిపోతాడు, అప్పుడు కోపం వస్తుంది, కేకలేస్తాడు, అందరూ ఆయన బుద్ధి మారిందనుకుంటారు.

కానీ మతిమరుపు అంతా డిమెన్షియా కాదు, అందుకే డాక్టర్‌కి చూపించాలి. బీ12 తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, చెవి వినపడకపోయినా, దిగులు జబ్బు ఉన్నా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా అచ్చం ఇలాగే ఉంటారు, ఇవన్నీ మందుతోనో చెవి మిషనుతోనో సర్దుకునేవి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడినవాళ్లకి బీ12 తగ్గుతుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది. డాక్టర్ దగ్గరికి తెలుగూ ఒడియా రెండూ బాగా వచ్చినవాళ్లని తోడు తీసుకెళ్లండి, లేకపోతే ఒడియాలో అడిగిన ప్రశ్నలకి ఆయన జవాబు చెప్పలేక జబ్బు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మన వాళ్లకి బజారు ఒడియా వచ్చు, బేరమాడతారు, కానీ "కాళ్లు తిమ్మిరెక్కి మంటలు పుడుతున్నాయి" అని ఒడియాలో చెప్పమంటే చాలామంది చెప్పలేరు.

ఇంట్లో చెయ్యాల్సింది: తెలుగులో, నెమ్మదిగా, చిన్న మాటల్లో మాట్లాడండి. ఆయన తప్పు చెప్తే సరిదిద్దడం మానేయండి, పర్లాకిమిడి రాజావారి రైలు ఇంకా నడుస్తోంది అంటే సరే నాన్నా అనండి, 1900లో మొదలైన ఆ చిన్న రైల్లోనే ఆయన నౌపడ దాకా వెళ్లి ఉంటారు, దాని గురించి అడిగితే గంటసేపు హాయిగా చెప్తారు. ఆ వయసువాళ్లకి మన ఊరి కబుర్లే ఊపిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరు పర్లాకిమిడి, ఇంట్లో పెద్దాయనతో తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. చొక్కా జేబులో పేరు, అడ్రస్, ఫోన్ నంబరు తెలుగులో ఒడియాలో రెండిట్లో రాసి పెట్టండి, తప్పిపోతే పనికొస్తుంది. చూసుకునేవాళ్లు, ముఖ్యంగా కోడళ్లు, అలిసిపోతారు, వారానికి ఒక పూటైనా ఇంకెవరైనా వచ్చి కూర్చోవాలి, కొడుకులూ ఇది మీ పని కూడా. టెలీ మానస్ అని 14416 కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, చూసుకునేవాళ్లు కూడా చెయ్యొచ్చు.

పెద్దవాళ్లు ఏం తినాలి?

పెద్ద లిస్టు ఏమీ లేదు. మన వాళ్లు చద్దన్నం అనండి పఖాళ అనండి అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తింటారు, అందుకే కండ కరిగిపోయి కాళ్లలో బలం ఉండదు. రోజూ పప్పు, గుడ్డో చేపో, పాలో పెరుగో ఉండాలి, శాకాహారులైతే పెసలు శనగలు. చోడి అంబలి మంచిదే, కానీ షుగర్ ఉంటే దానికీ లెక్క ఉంది. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడం మూడూ ఒకే పూట తింటే ఏ బీపీ మాత్రా పనిచెయ్యదు. పళ్లు లేక నమలలేక తిండి తగ్గించేసినవాళ్లు చాలామంది, పళ్ల సెట్టు పెట్టించండి, రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేదవాళ్లకి పళ్ల సెట్టు, చెవి మిషను, చేతికర్ర, కళ్లజోడు క్యాంపులు పెట్టి ఉచితంగా ఇస్తారు, బ్లాక్ ఆఫీసులో క్యాంపు ఎప్పుడో అడగండి.

పేపర్ మిల్లులో రిటైర్ అయ్యా. వచ్చిన మొత్తం ఎక్కడ పెట్టాలి? ఒకాయన నెలకి 2 శాతం ఇస్తానంటున్నాడు.

ఆయనకి ఇవ్వొద్దు. 2013 తర్వాత ఒడిశాలో చిట్ కంపెనీలు కూలిపోయినప్పుడు మన వైపు ఇళ్లల్లో పెళ్లిళ్లు ఆగిపోయాయి, ఆపరేషన్లు ఆగిపోయాయి, ఆ డబ్బు ఇప్పటికీ రాని ఇళ్లు ఉన్నాయి. నెలకి 2 శాతం అంటే ఏడాదికి 24, అంత వడ్డీ న్యాయంగా ఇచ్చే వ్యాపారం లేదు.

60 దాటినవాళ్లకి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా పెట్టొచ్చు, 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు, ఈ రేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది కానీ మీరు పెట్టినప్పటి రేటు ఐదేళ్లూ మీకే ఉంటుంది. వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. నెల నెలా కావాలంటే మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది. బ్యాంకులో పెడితే ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకే ఇన్సూరెన్స్, సహకార బ్యాంకుల్లో పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మొత్తం ఒకేచోట కట్టేయకుండా ఆసుపత్రి ఖర్చుకని ఒక లక్షో రెండు లక్షలో చేతికి అందేలా మామూలు ఖాతాలో ఉంచండి.

పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లు, ప్రభుత్వ పింఛనుదార్లు ప్రతి ఏడాదీ లైఫ్ సర్టిఫికెట్టు మర్చిపోవద్దు, ప్రభుత్వ పింఛనుకి నవంబర్, 80 దాటినవాళ్లకి అక్టోబర్ నుంచే తీసుకుంటారు. జీవన్ ప్రమాణ్ అని ఫోన్లోనే ముఖం చూపించి ఇచ్చేయొచ్చు, కదలలేకపోతే పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి చిన్న ఫీజు తీసుకుని చేస్తాడు. 70 దాటినవాళ్లకి ఇంటికే బ్యాంకు సేవ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది, బ్రాంచిలో తెలియనట్టు చూస్తే ఈ మాట చెప్పండి.

సీబీఐ నుంచి అని వీడియో కాల్ వచ్చింది, అరెస్ట్ అన్నారు.

కట్ చేసేయండి. వీడియో కాల్లో అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు. డబ్బు పోయి ఉంటే అదే గంటలో 1930 కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత డబ్బు ఆపగలుగుతారు. ఇంట్లోవాళ్లకి చెప్పడానికి భయపడి దాచేవాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటున్నారు. పిల్లలూ, అమ్మానాన్నలు ఇలాంటిది చెప్పినప్పుడు దయచేసి తిట్టకండి, తిడితే ఇంకోసారి చెప్పరు.

ఇల్లు కొడుకు పేరు మీద రాసిచ్చేయమంటున్నాడు. ఎలాగూ వాడిదేగా?

వాడిదే, మీ తర్వాత. ఇప్పుడు కాదు. ఈ పేజీలో అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మీరు బతికుండగా తల మీద కప్పు మీ పేరు మీదే ఉండాలి, ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కొడుకు చెడ్డవాడని కాదు, కొడుకు మంచివాడే అయ్యుండొచ్చు, వాడికి అప్పులు రావొచ్చు, బ్యాంకు జప్తు చెయ్యొచ్చు, వాడే ముందు పోవచ్చు, అప్పుడు మీరు ఎవరి ఇంట్లో ఉన్నట్టు?

వీలునామా రాయండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి సంతకం పెట్టాలి, ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టొద్దు. మనసు మారితే మార్చుకోవచ్చు, మీరు పోయాకే అమల్లోకి వస్తుంది. ఆంధ్రావైపు పొలం ఇటువైపు ఇల్లు ఉంటే రెండిటి సర్వే నంబర్లు, ఖాతా నంబర్లు విడివిడిగా రాయించండి.

తప్పక గిఫ్ట్ డీడ్ రాయాల్సి వస్తే "నన్ను జీవితాంతం చూసుకోవాలి, తిండి వైద్యం ఇవ్వాలి, లేకపోతే ఇది చెల్లదు" అనే షరతు ఆ డీడ్‌లోనే రాయించాలి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చెయ్యొచ్చు. 2022లో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో షరతు ఉందని చూపించలేకపోయారని ఆమెకి ఆస్తి వెనక్కి ఇవ్వలేదు, 2025 జనవరిలో ఇంకో తల్లి కేసులో కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉండటంతో గిఫ్ట్ రద్దు చేసింది. నోటి మాట మీద రాసిచ్చేయడానికీ కాగితం మీద షరతు పెట్టుకోవడానికీ తేడా అంత ఉంది.

పిల్లలు చూడట్లేదు, కేసు పెడితే పరువు పోతుందని భయం.

పెద్దమ్మా, తిండి లేకుండా పక్కింటి దయ మీద బతకడం కన్నా ఇది పరువు తక్కువ కాదు. అదే 2007 చట్టం కింద సబ్ కలెక్టర్ ఆఫీసులో ట్రిబ్యునల్ ఉంటుంది, పర్లాకిమిడిలో, గుణుపూర్లో, జయపురంలో, బరంపురంలో, అన్నిచోట్లా. తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు, లాయర్ అక్కర్లేదు. నెలకి 10,000 దాకా ఇప్పించొచ్చు, 90 రోజుల్లో తేల్చాలి, మరీ అయితే ఇంకో 30 రోజులు. కొడుకు హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉన్నా మీరున్న జిల్లాలోనే వెయ్యొచ్చు, వాడికి నోటీసు అక్కడికి వెళుతుంది. పిల్లలు లేనివాళ్లు కూడా, తమ ఆస్తి ఎవరికి వెళుతుందో ఆ చుట్టాన్ని అడగొచ్చు. ఇస్తానని కట్టకపోతే జైలు కూడా ఉంది. చాలా కేసుల్లో ముందు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, అక్కడే సర్దుకునేవి ఉంటాయి.

ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14567, ఎల్డర్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. ఉచిత న్యాయ సహాయం 15100. కొట్టినా బెదిరించినా 112 కి చెయ్యండి, ట్రిబ్యునల్ కోసం ఆగొద్దు.

కూతురు హైదరాబాద్ వచ్చేయమంటోంది. వెళ్లాలా?

నేను వెళ్లమనీ వద్దనీ చెప్పలేను గానీ రెండు మూడు నెలలు ఉండి చూసి అప్పుడు తేల్చుకోండి, ఇక్కడి ఇల్లు అమ్మేసి వెళ్లొద్దు. బరంపురం వీధిలో ఠాకురాణి యాత్ర చూస్తూ పెరిగినవాళ్లకి పన్నెండో అంతస్తులో పగలంతా ఒక్కరే కూర్చోవడం కష్టం, తలుపు తీస్తే పలకరించే మనిషి ఉండడు. ఇక్కడైతే జబ్బు చేస్తే చూసేవాళ్లు లేరు. వెళ్లేటట్టయితే రేషన్ బియ్యం అక్కడా తీసుకోవచ్చు, వన్ నేషన్ వన్ రేషన్ కింద. మధుబాబు పింఛను మాత్రం ఒడిశాలో ఉండేవాళ్లకే, శాశ్వతంగా వెళ్లిపోతే చెప్పి ఆపించుకోవాలి.

ఇక్కడే ఉండిపోతే పగలు నలుగురు కలిసే చోటు ఒకటి చూసుకోండి, గుడి అరుగైనా రైల్వేస్టేషన్ బెంచీ అయినా. రోజూ ఎవరో ఒకరు "ఇవాళ రాలేదేంటి" అని అడిగేలా ఉండాలి, ఒక్కరే ఉండేవాళ్లు పడిపోతే తెలిసేది అలాగే.

రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ మళ్లీ ఇస్తున్నారా?

2020 మార్చిలో ఆపేశారు, తర్వాత మళ్లీ ఇవ్వలేదు. కింద బెర్తు కోటా మాత్రం ఉంది, మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 దాటితే. టికెట్ తీసేటప్పుడు వయసు సరిగ్గా వెయ్యండి.

మావారు పోయారు. ఏ కాగితాలు ముందు చూసుకోవాలి?

అమ్మా, మొదటి పది రోజులూ ఏమీ చూడొద్దు, ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. వాళ్లు చెయ్యాల్సింది మరణం రిజిస్టర్ చేయించడం, 21 రోజుల్లో అయితే ఫీజు లేకుండా అవుతుంది, దాటితే ఆలస్యం, అఫిడవిట్లు. ఎక్కడ పోయారో అక్కడే రిజిస్టర్ అవుతుంది, వైజాగ్ ఆసుపత్రిలో పోతే సర్టిఫికెట్టు ఆంధ్రాలోనే వస్తుంది, ఒడిశాలోనూ అది చెల్లుతుంది, దాని కోసం ఇక్కడ మళ్లీ అప్లై చెయ్యక్కర్లేదు. కనీసం పది కాపీలు తీయించుకోండి.

ఆ తర్వాత బ్యాంకు. జాయింట్ ఖాతా ఐదర్ ఆర్ సర్వైవర్ అని ఉంటే డబ్బు మీరు తీసుకోవచ్చు, నామినీ ఉంటే నామినీకి ఇస్తారు, కానీ నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసులందరికీ అందులో హక్కు ఉంటుంది. ఆయన ఏటీఎం కార్డుతో ఎవరూ డబ్బు తియ్యకండి, తర్వాత చిక్కు అవుతుంది. ఆయనకి ఉద్యోగం పింఛను ఉంటే ఫ్యామిలీ పింఛనుకి, లేకపోతే వితంతు పింఛనుకి అప్లై చెయ్యండి. ఆయన మధుబాబు పింఛను తీసుకుంటుంటే పంచాయతీలో చెప్పండి, చెప్పకుండా ఆ డబ్బు తీసుకుంటే మీ పింఛనుకి అడ్డం వస్తుంది. ఇంటి పన్ను, కరెంటు మీటరు, గ్యాసు ఇవన్నీ నిదానంగా మార్చుకోవచ్చు. భూమి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, తహసీల్‌లో వెయ్యాలి, అందులో మీ పేరు ఉందో లేదో మీరే స్వయంగా చదివించుకుని చూడండి, "అమ్మ పేరు ఎందుకులే, అబ్బాయిల పేర్లు చాలు" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు, భార్యగా మీకు వాటా ఉంది.